గాజులోనూ అవే పురుగులు

ఆ ప్రయోగశాలలో ఆమెను సందేహాలక్క అనేవారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆమె కూడా పలికేది. ఎవరు ఏ ఫలితం తెచ్చినా ముందు ఆమె బల్ల దగ్గరికి రావాల్సిందే. "బాగుంది. ఇది తప్పయితే మనకెలా తెలుస్తుంది?" అని అడిగేది. ఆ ఒక్క ప్రశ్నకే సగంమంది మొహాలు వేలాడేసుకుని వెళ్లిపోయేవారు.

ఆకాశం నుంచి రాలిపడిన అంగారక గ్రహపు రాయి ఒకటి వాళ్ల చేతికొచ్చింది. దాన్ని పలచగా కోసి, సన్నని బంగారు పూత వేసి, మైక్రోస్కోపు కింద పెట్టినవాడు ఆమె శిష్యుడు. తోడబుట్టకపోయినా తమ్ముడే. రాయి కోయడం దగ్గర్నుంచి అన్నీ ఆమే నేర్పింది. ఆమె పురిటికి వెళ్తే ఆమె పని కూడా నెత్తినేసుకున్నాడు.

"అక్కా, తొందరగా రా! పురుగులే పురుగులు!"

తెర మీద గొలుసుల్లా అల్లుకున్న సన్నని ఆకారాలు. ఆమె ఒళ్లు ఝల్లుమంది. అబద్ధమెందుకు, అవి ఒకప్పటి జీవులే అయితే ఎంత బాగుండునని ఆమెకూ అనిపించింది.

"గాజు చూశావా?" అంది.

అక్కడి పద్ధతి అది. ఏ రాయికి పూత వేసినా పక్కనే ఒక గాజుముక్క పెట్టి దానికీ అదే పూత వేస్తారు. అప్పుడే కరిగించి పోసిన గాజులో ఏ జీవీ బతికి ఉండదు. రాయిలో కనిపించింది అందులోనూ కనిపిస్తే అది జీవి కాదు, పూత చేసిన మాయ.

గాజులోనూ అవే పురుగులు. పూత పలచన చేసి మళ్లీ చూస్తే రెండింట్లోనూ లేవు.

వాడు కుర్చీలో కూలబడ్డాడు. "నీ నోట్లో నుంచి ఒక్క మంచిమాట రాదా అక్కా!"

"అక్కడ జీవం లేదనట్లేదురా. ఉందనడానికి ఇది సాక్ష్యం కాదంటున్నానంతే."

"సరేలే, ఆపేస్తా" అన్నాడు. ఆమె నమ్మింది.

కొన్నాళ్లకు, పాపకు అన్నం పెడుతున్న భర్త టీవీ చూస్తూ పిలిచాడు. "ఇదిగో, మీ పురుగులు టీవీకెక్కాయి! మీవాడు చొక్కా కూడా కొత్తది కొన్నాడు."

ఆమె వాడు అచ్చువేయించిన పరిశోధన వ్యాసం తెప్పించుకుని చదివింది. రాయి బొమ్మలున్నాయి. గాజు ఊసే లేదు. చివర్లో, ఈ ఆకారాలపై అనుమానాలన్నీ తీర్చినందుకు అంటూ ఆమె పేరు పెట్టి కృతజ్ఞతలు.

మర్నాడు ప్రయోగశాలలో వాడికి అభినందన సభ. అంతకుముందే వాణ్ణి పట్టుకుంది. "నా పేరెందుకు పెట్టావురా?"

"నీ పేరుంటే ఇంకెవరూ ప్రశ్నలడగరక్కా." తడుముకోకుండా చెప్పేశాడు. ఇన్నేళ్లూ సంపాదించుకున్న నమ్మకాన్ని, ఇంట్లో మనిషి కదా అని తాళం చెవిలా చేతిలో పెడితే, వాడు దాన్ని ప్రశ్నలు రాకుండా తలుపు వేయడానికి వాడుకున్నాడు.

సభలో డైరెక్టరు నవ్వుతూ, "సందేహాలక్కే ఒప్పుకున్నాక ఇంకేం సందేహం!" అన్నారు. చప్పట్లు మోగాయి. ఆమె లేచి నిలబడింది.

"నేను ఒప్పుకోలేదండీ. ఇవే ఆకారాలు గాజులోనూ వచ్చాయి. ఆ బొమ్మ ఇందులో పెట్టలేదు. నా పేరు తీసేయండి."

చప్పట్లు ఆగిపోయాయి. వాడు తలెత్తలేదు.

బయట వరండాలో ఎదురుపడ్డాడు. కళ్లు ఎర్రబడ్డాయి. "మనలో మనం మాట్లాడుకునుంటే పోయేదిగా అక్కా. నలుగురిలో నా పరువు తీశావు."

"మనలో మనమేగా ముందు మాట్లాడుకున్నది" అంది ఆమె. పాపను తీసుకొచ్చే వేళయిందని మెట్లు దిగింది.