మామ్మగారి ఆయ్

మాది అనంతపురం. ఎనభైల మొదట్లో హెల్త్ విజిటరుగా రాజోలు వచ్చిన కొత్తలో, నేనేం చెప్పినా ఇక్కడివాళ్ళు "ఆయ్" అనేవారు. ఒప్పుకున్నారు కదా, ఇక చేసేస్తారనుకునేదాన్ని.

ఓసారి రిఫ్రెషర్ ట్రైనింగ్ ముగించుకుని అమలాపురంలో బస్సెక్కాను. విరేచనాలయ్యే పిల్లలకి ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు పట్టించడం అక్కడ కొత్తగా నేర్పారు. నా పక్కన కూర్చున్న మామ్మగారు తాటిపాక వెళ్తున్నారు. అక్కడ మనవడికి విరేచనాలట. ఇంకేం, నా పాఠం మొదలుపెట్టాను. ఉప్పెంత, పంచదారెంత, చెంచాతో ఎలా పట్టాలి, అన్నీ చెప్పాను. ప్రతి మాటకీ ఆవిడ "ఆయ్" అన్నారు.

"పట్టిస్తారు కదా మామ్మగారూ?"

"ఆయ్. విరోచనాలు కట్టేక పట్టించేస్తానండి."

"కట్టేదాకా ఆగితే బిడ్డ దక్కడమ్మా! అవుతున్నప్పుడే పట్టాలి. ఏదీ, ఇప్పుడు మీరు చెప్పండి."

ఆవిడ చెప్పారు. తప్పిన చోట దిద్దాను. మళ్ళీ చెప్పించాను. ఆ "ఏదీ, మీరు చెప్పండి" నా ఉద్యోగమంతా నాతోనే ఉంది. తర్వాత కొత్తవాళ్ళకి నేనే ట్రైనింగ్ ఇచ్చిన రోజుల్లోనూ మొదటి పాఠం అదే.

తాటిపాకలో దిగిన మామ్మగారు కిటికీ దగ్గరికొచ్చి, నేనడక్కుండానే అన్నారు.

"ఎళ్ళగానే పట్టించేస్తానండి. అవుతున్నా సరే, ఆపనండి."

బస్సు కదిలింది. నేను తల బయటికి పెట్టి గట్టిగా "ఆయ్" అన్నాను. నా అనంతపురం నోటికి అదే మొదటి ఆయ్.