కరీం మాస్టర్ నాలుక

1948 చలికాలం. పోలీసు చర్య ముగిసి బజారు తెరుచుకుంది గాని, మనుషులింకా కుదుటపడలేదు. నేను సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో ఒక చాయ్‌పత్తి దుకాణంలో పనిచేసేవాణ్ణి. తోటల నుంచి వచ్చే ఆకును, డస్ట్‌ను, అంటే సన్నని పొడిని, పాళ్ళు చూసి కలపడాన్ని బ్లెండింగ్ అంటారు. మా దుకాణంలో ఆ పని కరీం మాస్టర్‌ది. హోటళ్ళవాళ్ళు ఆయన నాలుకను నమ్మి మా దగ్గర కొనేవారు.

గొడవల్లో ఆయన వేరే జిల్లాలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్ళి చిక్కుకుపోయారు. అక్కడ చెల్లెలి భర్తను చంపేశారు. మాస్టర్ దుకాణంలో లేరన్న మాట ఇక్కడ బజారంతా పాకింది. మెట్టుగూడలో హోటల్ నడిపే మల్లయ్య వచ్చి పొట్లం గల్లా మీద పడేశాడు.

"ఏందీ తమ్మీ గిది? రంగుంది, మజా లేదు. మాస్టర్ పోంగనే గడ్డి అమ్ముతున్రా?"

"మాస్టర్ పోయేముందు కలిపిన పెట్టెలదే మల్లన్నా."

"ఊకోవయ్యా. పుట్టిన సంది చాయ్ తాగుతున్న, నాకు చెప్తవా?"

నేను చెప్పింది నిజమే. ఆయన చేత్తో కలిపి మూత వేసిన పెట్టే అది. అయినా వచ్చినవాళ్ళందరిదీ అదే మాట.

కొన్నాళ్ళకు మాస్టర్ తిరిగొచ్చారు. బాగా చిక్కిపోయారు. కప్పులు పరిచి స్పూన్ చేతికిస్తే, ప్రతి కప్పు వెనక ఉన్న డబ్బా వంక చూసి, ముందే నిట్టూర్చి, ఆ తర్వాత రుచి చూసి ఉమ్మేశారు.

"అంతా మట్టి. నా జబాన్ చచ్చిపోయింది సేఠ్. ఇంకొకర్ని చూసుకోండ్రి" అన్నారు నాలుక మీద వేలు పెట్టి చూపిస్తూ.

దుకాణం యజమాని సేఠ్ చెడ్డవారు కారు. కొన్ని రోజులు ఓపిక పట్టి, ఇక బ్లెండింగ్ ఎత్తేసి బయట కట్టిన పొట్లాలే అమ్ముదామన్నారు. అంటే మాస్టర్‌కు పని ఉండదు. ఆయన ఇంట్లో ఇప్పుడు చెల్లెలూ ఆమె పిల్లలూ కూడా ఉన్నారు.

ఇన్ని ఫిర్యాదులకు నల్లా నీళ్ళే కారణమేమోనని నాకు అనుమానం వచ్చింది. కొత్తగా వచ్చిన శాంపిల్‌తో కాచిన కప్పు ఆయనకిచ్చి, "మాస్టర్, జెర నీళ్ళు చూస్తరా? చాయ్ సంగతి వద్దు, నీళ్ళొక్కటే" అన్నాను. ఉపాయం పన్ని అడిగింది కాదు.

ఆయన ఏదో ఆలోచిస్తూ ఒక గుక్క పీల్చారు. "నీళ్ళకేం కాలే. పత్తికే సబ్బు వాసన కొడ్తున్నది. యాడ పెట్టిన్రు దీన్ని?"

సేఠ్ కప్పు అందుకుని తాగారు. "నాకు రాలేదే?" మళ్ళీ తాగారు. "అరే, అవును, సబ్బే!"

"ఇంకో గుక్క తాగితే స్నానం సుత అయితది సేఠ్" అన్నారు మాస్టర్.

నాకూ ఆ వాసన వచ్చింది. కప్పులోంచి వచ్చిందో, ఆయన మాటలోంచి వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. శాంపిల్ వచ్చిన మూట విప్పి చూస్తే అడుగున సబ్బుబిళ్ళలున్నాయి. వాటిని చూశాకే మాస్టర్ తన పెదాలు తడుముకున్నారు. "జబాన్ ఉన్నది" అన్నారు మెల్లగా.

మరునాటి నుంచి సేఠ్ ఆయన్ను దుకాణం ముందర కూర్చోబెట్టారు. మల్లయ్య దారిన పోతూ చూసి లోపలికొచ్చాడు. పాత పెట్టెలో మిగిలిన పత్తే కట్టి ఇచ్చాం. రెండోసారి వచ్చినప్పుడు "గిది గద చాయ్ అంటే!" అన్నాడు. అతను వెళ్ళాక నేను నవ్వబోతే మాస్టర్ ఆపారు.

"నవ్వకు బేటా. ఆయన అబద్ధం చెప్పలే. అప్పుడు ఆయన నోట్లె రుచి నిజంగనే లేకుండె. నా నోట్లె సుత లేకుండె గద."

తర్వాత చాలా ఏళ్ళు అదే వ్యాపారంలో ఉన్నాను. రుచి మారిందని ఎవరొచ్చినా వాదించలేదు. కూర్చోబెట్టి, వాళ్ళ ఎదుటే కలిపి, కాచి ఇచ్చేవాణ్ణి. చాలామందికి అది సరిపోయేది.

పోయిన ఏడు నా భార్య పోయింది. అప్పటి నుంచి ఏం తిన్నా ఒకటే. మొన్న మనవరాలు మొదటిసారి పప్పు వండి, గిన్నె పట్టుకుని నిలబడింది.

"ఉప్పు సరిపోయిందా తాతా?"

"కొంచెం తగ్గిందమ్మా" అన్నాను. అనేశాక గాని, రుచి తెలిసిందని నాకు తట్టలేదు. ఇంకొంచెం వడ్డించమన్నాను.