బావగారి స్టోర్స్‌లో ఆడిట్ పరీక్ష

మా కంపెనీలో ఆ పరీక్షకు ఎవరిని పంపాలన్నది తెలివి చూసి తేల్చలేదు. వదిలిపెట్టి పోలేనివాళ్ళెవరో చూసి తేల్చారు. అంతకు ముందు డిప్లొమా చదివిన పిల్లలను పంపితే, ఇంటర్నల్ ఆడిటర్ అన్న సర్టిఫికెట్ చేతికి రాగానే బెంగళూరు బస్సెక్కేవారు. కంపెనీకి వచ్చిన ఐఎస్ఓ నాణ్యత గుర్తింపు నిలబడాలంటే ఒక విభాగం వాళ్ళు ఇంకో విభాగానికి వెళ్ళి తనిఖీ చెయ్యాలి. చేసేవాళ్ళకు ఆ సర్టిఫికెట్ ఉండాలి. పిల్లలు పోయి పోయి మేనేజర్‌కు విసుగొచ్చింది. "ఈ తూరి ఈడనే పడుండేవాళ్ళను పెడతా" అని నా పేరు రాశాడు. హోసూరు మూకండపల్లిలో ఇల్లు, భర్త, పిల్లలు, నెత్తిన నెరుస్తున్న వెంట్రుకలు. నేనెక్కడికి పోతాను?

నాకు ఇష్టమేనా అని అడగలేదు. పైగా ఒక మాట కలిపాడు. నాలాగా ఇన్‌స్పెక్షన్ టేబుల్ దగ్గర కూర్చునేవాళ్ళకు ఇకమీదట ఈ సర్టిఫికెట్ ఉండాలట. మా సరుకు కొనే పెద్ద కంపెనీ వాళ్ళు అడిగారట. "పాసయితే టేబుల్ నీదే ఉంటాదమ్మా. లేదంటే మళ్ళా రావుడుకు పోవల్ల."

రావుడు అంటే యంత్రం నుంచి వచ్చిన ఇనుప ముక్కల అంచులను ఆకురాయితో రాచే పని. ఏళ్ళ తరబడి అదే చేశాను. ఇనుప రజను గోళ్ళ కింద చేరి, అన్నం కలిపితే వేళ్ళు మండేవి. టేబుల్ దగ్గర అట్లా కాదు. కొలత చూసి, సరిపోతే పెట్టెకు కట్టిన ట్యాగు మీద నా సంతకం పెట్టాలి. ఆ సంతకం లేకుండా పెట్టె గేటు దాటదు. సంతకం పెట్టడం నేను ముప్పై దాటాక నేర్చుకున్నాను. బర్గూరు పక్క పల్లెలో మేకల వెనక పెరిగినదాన్ని, బడి గడప ఎక్కలేదు. తొంభైలలో హోసూరు వచ్చాక ఒక సెట్టిగారి అంగడిలో పప్పులు చెరిగేదాన్ని. అక్కడి ముసలమ్మ చాటలో మిగిలిన పొడి మీద వేలు పెట్టించి తెలుగు అక్షరాలు దిద్దించింది. తమిళం సాయంత్రం పూట అక్షరాస్యత తరగతిలో వచ్చింది. ఇంగ్లీషు మాత్రం ఎవరూ నేర్పలేదు, ట్యాగుల మీద చూసి చూసి పట్టుకున్నాను. నేర్చుకున్న ఆ నాలుగు అక్షరాలకు పని దొరికిన చోటు ఈ లోకంలో ఆ టేబుల్ ఒక్కటే.

ఆదివారాల్లో క్యాంటీన్‌లో తరగతి పెట్టారు. మాస్టరు చెన్నై నుంచి వచ్చేవాడు. సగం తమిళం, సగం ఇంగ్లీషు. పుస్తకం మొత్తం ఇంగ్లీషే. తప్పు కనిపిస్తే దాన్ని ఎన్.సి. అనాలి. ఆ తప్పు పుస్తకంలో ఏ క్లాజు, ఏ నియమం కిందికి వస్తుందో నెంబరు రాయాలి. పెద్ద ఎన్.సి. ఏది, చిన్నది ఏది తేల్చాలి. ఇవన్నీ వీధి కొళాయి దగ్గర బిందె వరసలో పెట్టి నిలబడి బట్టీ పట్టాను. నీళ్ళు వచ్చేసరికి సగం బుర్రలోంచి పోయేవి.

ఒకరోజు అభ్యాసానికని ప్యాకింగ్‌లోకి తీసుకెళ్ళాడు. ఒక పెట్టెకు ట్యాగు వెనక్కి తిరిగి ఉంది. నేను వంగి సరిచేసి కట్టాను.

"ఏం చేశారమ్మా?" అన్నాడు మాస్టరు.

"తిరగబడి ఉంటే సరిగ్గా పెట్టినాను సార్."

"మీ ఎన్.సి.ని మీరే మాయం చేశారు. ఇప్పుడు ఏం చూపించి రాస్తారు? ఆడిటర్ చెయ్యి పెట్టకూడదు. చూడాలి, అడగాలి, రాయాలి."

అందరూ నవ్వారు. నా కంటి ముందు తప్పు కనిపిస్తుంటే చేతులు కట్టుకుని నిలబడడం ఏం చదువో నాకు అర్థం కాలేదు. ఇంట్లో అట్లా చేస్తే పాలు పొంగి పొయ్యిలో పడతాయి.

ఇంట్లో నా భర్తను ఎదురుగా కూర్చోబెట్టి అడగడం అభ్యాసం చేసేదాన్ని. ఆయన ఎనిమిది వరకు చదివాడు, లోడింగ్‌లో పని.

"ఈ పని ఎట్ల చెయ్యల్లని మీకు ఎవరు చెప్పినారు? ఆధారం చూపించండి."

"ఏమే, కట్టుకున్నోణ్ణే ఆధారం అడుగుతావా?"

"నువ్వు మొగుడివి కాదిప్పుడు. లోడింగ్ ఇన్‌చార్జివి."

"ఇన్‌చార్జికి ఒక లోటా కాఫీ తెచ్చియ్యి, ఆధారం వెతుకుతాడు."

అట్లా నవ్వుతూనే కొంత చదువు ఎక్కింది. రాత పరీక్ష కృష్ణగిరిలో ఒక హోటల్ హాల్లో పెట్టారు. చుట్టుపక్కల కంపెనీల వాళ్ళంతా వచ్చారు, నాకంటే పెద్దవాళ్ళు ఎవరూ లేరు. చివరి ప్రశ్నకు జవాబు తమిళంలో రాయవచ్చన్నారు. తెలుగులో రాస్తానని అడిగితే, దిద్దేవాళ్ళు లేరన్నారు. నాకు బాగా వచ్చిన అక్షరాలు అక్కడ పనికి రాలేదు. కుంటుకుంటూ తమిళంలోనే రాశాను. టిక్ పెట్టే ప్రశ్నల్లో ఒకటి మాత్రం బాగా గుర్తుంది. తనిఖీకి వెళ్ళిన విభాగంలో మీ బంధువు ఉంటే ఏం చేస్తారు? ముందే ముఖ్య ఆడిటర్‌కు చెబుతాను అన్నదానికి టిక్ పెట్టాను. అది సరైన జవాబే. రాతలో పాసయ్యాను.

ఇక మిగిలింది చేతల పరీక్ష. మాస్టరు పక్కన కూర్చుని చూస్తుండగా ఒక విభాగాన్ని నిజంగా ఆడిట్ చెయ్యాలి. చీటీలు తీశారు. నాకు స్టోర్స్ వచ్చింది.

స్టోర్ కీపరు నా భర్త అన్న. నాకు బావగారు. ఊర్లో కాస్త భూమి, మేకలు తప్ప ఏమీ లేని రోజుల్లో ఆయనే ముందుగా హోసూరు వచ్చి, తర్వాత తమ్ముణ్ణి, నన్ను పిలిపించి, కొన్నాళ్ళకు ఈ కంపెనీలో పెట్టించాడు. మా వాళ్ళలో భర్త అన్నతో ఆడది ఎదురుగా మాట్లాడదు. ఆయన ముందు కూర్చోదు. పెళ్ళయిన నాటి నుంచి నేను ఆయనతో ఒక్క మాట నేరుగా అనలేదు. స్టోర్స్ కిటికీ దగ్గరికి నేను పోతే, ఆయన సరుకు బల్ల మీద పెట్టి పక్కకు జరిగేవాడు. నేను తీసుకుని వచ్చేదాన్ని. ఇద్దరికీ అది ఇబ్బందే కాదు, అలవాటు.

పరీక్షలో టిక్ పెట్టినట్టే మాస్టరు దగ్గరికి వెళ్ళి చెప్పాను. "సార్, స్టోర్స్‌లో మా బావగారు ఉండారు. ఇంకో చీటీ ఇప్పించండి."

"ఆయన మీద ప్రేమతో తప్పులు దాచిపెడతారా?"

"మాటే లేదు సార్ మా ఇద్దరికీ."

"మరింకేం. ఆ నియమం పక్షపాతం గురించి. మీరు మాట్లాడడానికే భయపడుతున్నారు, ఇంక పక్షపాతం ఎక్కడ? అది ఇంటి సంగతి."

మేనేజర్ దగ్గరికి పోయాను. ఆయన నవ్వాడు. "ప్రెస్ షాపులో మీ మేనమామ కొడుకు, ప్యాకింగ్‌లో మీ అక్క కూతురు, గేటు దగ్గర మీ పిన్నమ్మ మొగుడు. బంధువు లేని డిపార్ట్‌మెంటు యాడుందో నువ్వే చూపించమ్మా." పనిలోకి పెట్టుకునేటప్పుడు, మీ ఊరి వాళ్ళనే తీసుకురా, నమ్మకం ఉంటుంది అన్నవాడూ ఆయనే.

పరీక్ష రోజు కొంగు తల మీదికి లాక్కుని స్టోర్స్‌లోకి వెళ్ళాను. బావగారు భుజం మీద తువ్వాలుతో ఒక మూల నిలబడ్డాడు. నేను ఇంకో మూల నిలబడి ఇనుప అరను చూస్తూ అడిగాను. "ఈ పెట్టెకు ట్యాగు లేదే, ఏమిటికో?"

బావగారు మాస్టరు వైపు తిరిగాడు. "అది నిన్ననే వచ్చిందని చెప్పండి సార్."

నేను అరతో అన్నాను. "నిన్న వస్తే నిన్ననే కట్టల్ల కదా."

"కట్టేలోపల కరెంటు పోయిందని చెప్పండి సార్."

మాస్టరు పెన్ను కింద పెట్టాడు. "నేనేమన్నా టెలిఫోనా? అమ్మా, ఇటు రండి. ఈ కుర్చీలో కూర్చోండి. ఆయన ముఖం చూసి అడగండి. ఇది పరీక్ష."

కిటికీ దగ్గర జనం పోగయ్యారు. ఎవరో కిసుక్కున నవ్వారు. టేబుల్ గుర్తొచ్చింది, ఇనుప రజను గుర్తొచ్చింది. కూర్చున్నాను. తలెత్తి, "బావా, ట్యాగు ఎవురు కట్టల్ల?" అని అడిగాను.

బావగారు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నాకు పనుండాది సార్" అని మాస్టరుకు చెప్పి బయటికి వెళ్ళిపోయాడు.

మాస్టరు తన కాగితం మీద, ఆడిట్ పూర్తి కాలేదు అని రాశాడు. ఫెయిల్. ఇంకొక్క అవకాశం ఇస్తాను, అదే విభాగం, వచ్చే నెల అన్నాడు. వెళ్ళిపోయింది ఆయన, తప్పింది నేను. ఇది ఏ క్లాజు అని అడగాలనిపించింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి సంగతి నాకంటే ముందే చేరింది.

"అన్న ముందర కుర్చీ ఏసుకోని కూర్చున్నావంటనే" అన్నాడు నా భర్త.

"నేనేసుకోలేదు. కూర్చోమన్నారు, కూర్చున్నాను."

"కూర్చోమంటే కూర్చోవడమేనా? మనల్ని ఈ ఊరికి తెచ్చినోడు ఆయన."

"తెచ్చింది పని చేసేదానికే కదా. నేను పనే చేస్తి."

"పోతే పోనీలే ఆ టేబుల్. రావుడు చేసుకోని బతకలేదా ఇన్నాళ్ళు?"

నాతోపాటు నవ్వుతూ ఇన్‌చార్జి వేషం వేసినవాడే ఈ మాట అన్నాడు. మాస్టరు మీద, మేనేజర్ మీద, మొగుడి మీద, అందరికంటే ఎక్కువగా ఆ బావగారి మీద మండిపోయింది. ఎవరికి వాళ్ళ నియమం ఉంది. నా టేబుల్ మాత్రం ఎవరి నియమంలోనూ లేదు.

వారం కోపంతో గడిచింది. ఎట్లయినా ఆయన నిలబడి జవాబు చెప్పకపోతే నాకు సర్టిఫికెట్ రాదు. ఆదివారం బావగారి ఇంటికి పోయాను. వెనక వీధే. నేను వంటింట్లో, ఆయన ముందరింట్లో మంచం మీద. ఆయన భార్య, నేను అక్కా అని పిలిచే మనిషి, నడుమ గడప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"అక్కా, అడుగు. మళ్ళా నెల పరీక్ష ఉండాది. అప్పుడన్నా ఉంటారా, పోతారా అని."

అక్క తల తిప్పింది. "అడుగుతా ఉండాది. ఉంటావా, పోతావా?"

"కోపంతో పోలేదని చెప్పు. కిటికీ నిండా మనోళ్ళే ఉండిరి. ఆమె కుర్చీ మీద, నేను నిలబడుకోని. ఊర్లో ఏమనుకుంటారు? చెప్పు."

"ఆమెకేం చెవుడా? అంతా ఇనిపిస్తానే ఉండాది. నేనేమిటికి మళ్ళా చెప్పేది?"

అక్క మళ్ళీ చింతపండు మీదికి వంగింది. తర్వాత ఆయనే అన్నాడు. "నేరుగా అడిగితే అడగమను. పని చోటు, పోనీ. కూర్చోవద్దని చెప్పు."

"అక్కా, అట్లయితే ఆయన్ని కూడా నిలబడమను."

అక్క ఫక్కున నవ్వింది. ముందరింట్లోంచి దగ్గు వినిపించింది. "నాకు మోకాళ్ళ నొప్పి. నేను కూర్చుంటా. నువ్వు చెప్పవే."

అదీ ఒప్పందం. వేరే దారి లేక తల ఊపాను. నేను తల ఊపిన సంగతి కూడా అక్కే చెప్పాల్సి వచ్చింది.

రెండోసారి ఆయన కుర్చీలో కూర్చున్నాడు. నేను ఎదురుగా నిలబడ్డాను. ముఖం చూశాను, నేరుగా అడిగాను. "ఈ నూనె డబ్బా మీద గడువు అయిపోయింది కదా బావా, ఏమిటికి తీసేయలేదు?" ఆయన నేల చూస్తూ జవాబు చెప్పాడు. ఒకటీ దాచలేదు, ఒకటీ సాగదీయలేదు. మాస్టరు నాకు కుర్చీ జరిపాడు.

"వద్దు సార్. నిలబడితే పై అరలు బాగా కనపడతాయి."

మాస్టరుకు ఆ మాట నచ్చింది. మిగతావాళ్ళను పిలిచి, చూడండి, ఆడిటర్ అంటే ఇట్లా కళ్ళు పెట్టి తిరగాలి, కుర్చీకి అతుక్కుపోకూడదు అన్నాడు. పాస్ అని రాసి, కింద స్టోర్స్ తనిఖీలో మంచి నేర్పు ఉంది అని ఇంకో వాక్యం కలిపాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాళ్ళు మాత్రం లాగుతున్నాయి.

సర్టిఫికెట్ వచ్చింది. టేబుల్ నాదయింది. నా భర్త దానికి అద్దం కట్టించి గోడకు కొట్టాడు, వచ్చినవాళ్ళకు తనే చదివి చూపించాడు. అన్నకు కూడా చూపించాడట, ఆయన బాగుందన్నాడట. నాతో అనలేదు. ఇంట్లో మా మధ్య మాట మళ్ళీ మూతబడింది.

కొన్ని నెలలకు కంపెనీ ఆడిట్ పట్టిక గోడ మీద అంటించారు. స్టోర్స్ పక్కన నా పేరు ఉంది. మేనేజర్ గదికి పోయాను.

"సార్, ఈ తూరి వేరే డిపార్ట్‌మెంటు ఇవ్వండి."

"ఏమిటికమ్మా? నీకు ఆడ బాగా వస్తాదని మాస్టరే రాసిచ్చినాడే."

"కాళ్ళు నొప్పులు సార్."

"ఆడ కుర్చీలుండాయి కదమ్మా, కూర్చోని చెయ్యి" అన్నాడు, కాగితాల్లోంచి తలెత్తకుండా. నేను ప్రశ్నల కాగితం తీసుకుని, కొంగు సరిచేసుకుని స్టోర్స్ వైపు నడిచాను.