ఫారం అన్నందుకు

ఐదో తరగతి పిల్లల్ని పై బడికి తయారు చేయడం ఎంత పుణ్యమో అని ఈమధ్య ఒకావిడ నాతో అంది. నాకు ఒళ్లు మండింది. పుణ్యమూ లేదు, పాడూ లేదు. ఆ పని చేసినన్నాళ్లూ తిన్న తిట్లు నేను జన్మలో ఇంకెక్కడా తినలేదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో మాట ఇది. నేను పుట్టి పెరిగింది ధర్మవరం. టీచరుగా మొదట వేసింది పెనుకొండలో. అక్కడ పిల్లల నాయనలు ఆఫీసుల్లో గుమాస్తాలూ బంట్రోతులూ. ఐదు పాసైన పిల్లవాడు హైస్కూల్లో ఫస్టు ఫారంలో చేరతాడని వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఆరో తరగతి అంటున్నామే, అప్పట్లో దాన్నే ఫస్టు ఫారం అనేవాళ్లం. అక్కడ నాకు ఏ గొడవా లేదు. తర్వాత హిందూపురం నుంచి పరిగి పోయే దారిలో ఒక పల్లెకు బదిలీ చేశారు. ఒకే గది బడి, ఐదు తరగతులకూ నేనొక్కదాన్నే.

ఆ యేడు ఐదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. నేను నల్లబల్ల మీద లెక్క రాసి ఇటు తిరిగేలోపల జవాబు చెప్పేసేది. ఒక్కోసారి నేనే తప్పు రాస్తే, "టీచరమ్మా, ఆడ తప్పుండాది" అని అందరి ముందరా అనేది. అది నాకేమీ నచ్చేది కాదు. కానీ అలాంటి బుర్ర పల్లెలో మట్టిపాలు అవుతుందంటే మాత్రం ఊరుకోలేకపోయాను. తల్లి కానుపులో పోయింది. ఇంట్లో నాయన, ఆయన తల్లి అవ్వ. ఉన్నది కాస్త మెట్ట భూమి. హిందూపురం హైస్కూలు వాళ్లు పరీక్ష పెట్టి ఫస్టు ఫారంలోకి పిల్లల్ని తీసుకునేవాళ్లు. దానికి ఈ పిల్ల పోలేదంటే ఇక పలక మూలన పడేసినట్టే.

ఎండలు ముదరక ముందే నేను తయారీ మొదలుపెట్టాను. మా బడిలో పిల్లలు నేలమీద కూర్చుంటారు. హైస్కూల్లో బెంచీలు. బెంచీ ఎక్కిన పల్లె పిల్ల కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పరీక్ష మరిచిపోవడం పెనుకొండలో నేను కళ్లారా చూశాను. అందుకని అరుగు మీద కాళ్లు వేలాడేసి కూర్చోబెట్టి డిక్టేషన్ చెప్పేదాన్ని. గంట కొడితే లేవాలి. వరసలో నిలబడాలి. పేరు పిలిస్తే నాయన పేరుతో సహా గట్టిగా పలకాలి. గోళ్లు తీసుకోవాలి, చేతులు శుభ్రంగా కడుక్కోవాలి. పొద్దున పోతే సాయంత్రం దాకా వదలరు, అన్నం మూట కట్టుకుని పోవాలి. ఇవన్నీ వల్లెవేయించాను. పిల్లలు ఇంటికి పోయి పొల్లుపోకుండా చెప్పేవాళ్లు. చెప్పమన్నది నేనే.

ఆ పిల్ల ఇంటికి మొదటిసారి పోయినప్పుడు అవ్వ మర్యాదగానే చెంబుతో మజ్జిగ ఇచ్చింది. బక్కగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరినో ఒకరిని గద్దించడానికి సిద్ధంగా ఉండే మనిషి. రెండు గుక్కలు తాగి విషయం చెప్పాను.

"మీ పాపను ఫస్టు ఫారంలో చేర్పిద్దాం అవ్వా. హిందూపురానికి నేనే పిలుచుకొని పోతా."

"యాడికి?"

"ఫారంలోకి."

అవ్వ ముఖం మారిపోయింది. "మా బిడ్డను ఫారానికి పంపే గతి మాకింకా పట్టలేదు. లెయ్. లేసి బయటికి నడువు." నా చేతిలో చెంబు సగం నిండుగానే ఉంది. అది కూడా లాక్కుంది.

ఆడపిల్ల చదువంటే పడదు కాబోలు అనుకున్నాను. అలాంటివాళ్లను నేను చాలామందిని చూశాను. మరుసటి రోజు చేను దగ్గర నాయన్ను పట్టుకున్నాను. మెత్తని మనిషి, తల్లి గీసిన గీటు దాటడు. దాటించాలనే నా పట్టుదల.

"ఏమప్పా, నీ బిడ్డ బాగుపడేది నీకిష్టం లేదా?"

"మేం బీదోళ్లమే టీచరమ్మా, కాదనను. బిడ్డను ఫారానికి తోలి కూడు తినేంత హీనంగా అయితే లేము."

"ఫారానికి పోయేది హీనమా? హిందూపురంలో వకీళ్ల బిడ్డలు పోతాండారు!"

"వకీళ్ల బిడ్డలా?" అని అతను నవ్వాడు. "ఎవరి చెవిలో పూలు పెడతావమ్మా?"

నాకు నెత్తికెక్కింది. మీరు మారరు, మీ బతుకులింతే, ఆ పిల్లను కూడా గొడ్ల వెనక తోలుకోండి అని గట్టు మీద నిలబడి పొలమంతా వినబడేట్టు అరిచాను. ఆ మాటలు వెనక్కి తీసుకోమని తర్వాత చాలామంది అడిగారు. తీసుకోలేదు. ఇప్పుడూ తీసుకోను.

అంతే, ఊరు ఊరంతా నా మీద పడింది. బడికి సగం మంది రావడం మానేశారు. పాలు పోసే ఆవిడ నా వాకిలి ముందు ఆగకుండా పోయేది. బావి దగ్గర నేను బిందె పెడితే చాలు, మాటలు ఆగిపోయేవి. ఇంటావిడ ఒకరోజు గడపలో నిలబడి, "పిల్లోళ్లను పట్టిస్తే నీకేదో ముడుతుందంట కదా? మాకొద్దమ్మా ఈ పాపం. వేరే ఇల్లు చూసుకో" అంది. పట్టించడమేమిటో, ముట్టడమేమిటో నాకు అర్థం కాలేదు. అడగలేదు కూడా. అడిగితే లోకువ అయిపోతానని నా బాధ. మీరంతా మూర్ఖులని ముఖం మీదే చెప్పి తలుపు వేసుకున్నాను.

ఆ పిల్ల మాత్రం మానకుండా బడికి వచ్చేది. ఇంట్లో తిడుతున్నారని చెప్పింది. ఎందుకు తిడుతున్నారంటే, "ఫారం పేరెత్తితే అవ్వ కొడతాది" అంది. పరీక్ష దగ్గరికొచ్చింది. చూస్తూ చూస్తూ వదిలేయడానికి మనసొప్పలేదు. ఆ పిల్ల నాయనతో చేనికి పోయిన పూట చూసుకుని మళ్లీ ఆ ఇంటికి పోయాను.

అవ్వ వాకిట్లో కూర్చుని చింతకాయలు సుత్తితో కొట్టి గింజలు తీస్తోంది.

"మళ్లా వచ్చినావా? సిగ్గు ల్యాదా?"

"లేదు. సిగ్గుపడుతూ కూర్చుంటే పిల్ల బతుకు బుగ్గి అవుతుంది. శనివారం పరీక్ష."

"పరీక్షంట పరీక్ష! చేతులు చూసే పరీక్షే కదా? గోళ్లు తీపిస్తివి, చేతులు కడిగిస్తివి, గంట కొడితే లేసేది నేర్పిస్తివి. నాకేం తెలీదనుకున్నావా? పురుగులకు ఆకేసేదానికి చేతులు శుద్ధంగా ఉండాల కదా!"

"ఏం పురుగులు?"

"పట్టుపురుగులు! ఫారంలో ఇంకేం పురుగులుంటాయి?"

అప్పుడు తెలిసింది. హిందూపురం రోడ్డులో పట్టుపురుగులు పెంచే పెద్ద తోట ఒకటి ఉండేది. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ ఫారం అంటే అదే. మల్బరీ ఆకు కోయడానికి, పురుగులకు మేత వేయడానికి చిన్నపిల్లల్ని కూలికి పెట్టుకునేవాళ్లు. నేను బస్సులో దాని పక్కనుంచే ఎన్నోసార్లు పోయాను. నేను ఫస్టు ఫారం అన్నప్పుడల్లా ఊరంతా అనుకున్నది ఆ తోటనే. వకీళ్ల బిడ్డలు కూడా పోతున్నారని నేను చెప్పింది ఆ కూలికే! నవ్వు ఆపుకోలేకపోయాను. వాకిట్లో నిలబడి పడీ పడీ నవ్వాను.

సుత్తి నా చెవి పక్కనుంచి పోయి తలుపు చెక్కకు తగిలింది.

"నవ్వు. బాగా నవ్వు. నా కూతురు ఇంతే ఉన్యప్పుడు ఒకడు వచ్చె. కరువు. ఇంట్లో గింజ ల్యాదు. ఫారంలో పని, రెండు పూట్లా కూడు అనె. నీ మాదిరే చేతులు తిప్పి తిప్పి చూసె. తోలుకపాయె. ఫారం ల్యా, పాడు ల్యా. కాఫీ తోటలకు అమ్మేసినాడని యాడాదికి తెలిసె. యాడుండాదో, ఉండాదో ల్యాదో."

నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. "ఫస్టు ఫారం అంటే బడి అవ్వా. పెద్ద బడి" అన్నాను.

"బడిని బడి అని చెప్పేదానికి నీకేం రోగం?"

"దాని పేరే అది. నేను పెట్టినానా?"

"నీ నోట్లో మన్ను పొయ్య! ఇన్ని దినాలు ఫారం, ఫారం అని నా కడుపులో చెయ్యి పెట్టి దేవితివి కదే!"

నాకూ పౌరుషమే. నా మీద ఊరంతటినీ ఉసిగొల్పినదానివి నువ్వు, ఒక్కమాట అడిగుంటే చెప్పేదాన్ని కదా అని నేనూ లేచాను. ఇరుగు పొరుగు గుమిగూడేదాకా ఇద్దరం అరుచుకున్నాం. చివరికి అవ్వే తేల్చింది. "నేనొస్తా. నా కండ్లతో చూస్తా. అది బడి కాకపోయిందా, ఆ రోడ్డులోనే నీ కొప్పు పట్టి ఈడుస్తా."

శనివారం ముగ్గురం హిందూపురం పోయాం. దారిపొడవునా అవ్వ పిల్ల చెయ్యి వదల్లేదు. పరీక్ష గది దాకా వచ్చి, బెంచీలు చూసి, నల్లబల్ల చూసి, గోడకు తగిలించిన దేశపటం కూడా తడిమి చూసింది. బంట్రోతు బయటికి పొమ్మంటే వాణ్ని తిట్టింది. హెడ్మాస్టరు నన్ను పిలిచి, "ఏమ్మా, పరీక్ష రాసేది పిల్లా, ముసలమ్మా?" అని చీదరించుకున్నాడు. ఆ పిల్ల బెంచీ మీద నదురూ బెదురూ లేకుండా కూర్చుని రాసింది. పాసైంది. బడి తెరిచిన రోజే చేర్పించారు.

నా పని అయిపోయింది అనుకున్నాను. కాలేదు. ఒకనాడు ఆ పిల్ల నా ఇంటికి వచ్చి ఏడ్చింది. అవ్వ రోజూ వెంట నడిచి వస్తోందట. బడి గేటు ఎదురుగా గోడ నీడలో కూర్చుని సాయంత్రం గంట కొట్టేదాకా కదలదట. తరగతిలో పిల్లలు, "మీ అవ్వ ఏ ఫారంలో చదువుతాంది?" అని ఎగతాళి చేస్తున్నారట. అన్నం మూట అవ్వ దగ్గరే ఉంటుంది, అందరి ముందర ఆమె దగ్గరికి పోవడానికి సిగ్గుపడి ఈ పిల్ల మధ్యాహ్నం పస్తు ఉంటోందట.

"రేపు సోమారం నుంచి నేను పోను టీచరమ్మా. అవ్వ మానితే పోతా. ల్యాకుంటే పోను."

ఇంత చేసి ఇక్కడ చెడగొడుతుందా ముసలిది! సోమవారం బడికి సెలవు పెట్టాను. ఆ ఒక్క రోజుకు పొమ్మని పిల్లను బతిమాలి పంపి, బస్సెక్కి నేరుగా హిందూపురం బడి గేటు దగ్గర దిగాను. అవ్వ గోడకు ఆనుకుని, ఒళ్లో సంగటి మూట పెట్టుకుని కూర్చుంది. కళ్లు తరగతి కిటికీ మీదే.

"నీకింకా నమ్మకం కుదర్లేదా? బడి చూసినావు, బల్ల చూసినావు. ఇంకేం చూడాల? నువ్వీడ కూర్చునేదానికి పిల్ల చదువు మానేస్తానంటాంది, తెలుసా?"

"నీకేం పని? పో."

"నా పనే. ఆ పిల్లను తయారు చేసింది నేను. ఇంటికి పోయి నీ చింతకాయలు కొట్టుకో. పిల్లను ఎవరూ ఎత్తుకపోరు."

మధ్యాహ్నం గంట కొట్టారు. పిల్లలు అరుచుకుంటూ బయటపడ్డారు. అవ్వ నా వైపు తిరిగింది. ఎప్పుడూ లేనిది, గొంతు తగ్గించింది.

"అది బడే. నాకు తెలుసు. నాకేం పిచ్చి పట్టిందనుకున్నావా? నా కూతుర్ని వాడు పిలుచుకొని పోయిన పొద్దు నేను విసురురాయిలో ఊరోళ్ల కూలి రాగులు పోసినానమ్మా. పిండి అయిపోతే చాలని, వాకిలి దాకా కూడా లేసి రాలేదు. 'అమ్మా, పోయొస్తా' అని రెండుసార్లు అనె. ఊ, పో అంటిని. మొగం చూడల్యా."

ఆ పిల్ల ఎప్పుడు వచ్చిందో, నా వెనకే నిలబడి ఉంది. తనకొక అత్త ఉండేదని ఆ ఇంట్లో ఎవరూ తనకు చెప్పినట్టు లేదు. గేటు దగ్గర నలుగురైదుగురు పిల్లలు అప్పుడే వేళ్లు చూపించి నవ్వుతున్నారు. ఆ పిల్ల వాళ్ల వైపు ఒకసారి చూసింది. తర్వాత నన్ను దాటుకుని పోయి, గోడ పక్కన అవ్వకు ఆనుకుని కూర్చుని, మూట తన ఒళ్లోకి లాక్కుని విప్పింది.

"నువ్వూ తిను అవ్వా" అంటూ మొదటి ముద్ద ఆమె నోటికి పెట్టింది.

అవ్వ నమలుతూనే తలెత్తి నన్ను చూసింది. "నువ్వింకా పోలేదా?" అంది.