చేయి చాపినంత దూరానికి లెన్స్

మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటాం. సాంచెల మధ్య బతికేవాళ్లకు ఒక పిచ్చి నమ్మకం: మోతిబిందు, అంటే కంటి శుక్లం, బాగా పండాకే తీయించుకోవాలని. కళ్లు మసకబారితే, పండుతోందిలే అని నేనూ మూడేళ్లు ఊరుకున్నాను. తీరా కరీంనగర్ పోతే డాక్టరమ్మ పరీక్ష చేసి తల పట్టుకుంది. మోతిబిందుతో పాటు నీటికాసులట. కంట్లో ఒత్తిడి పెరిగి నరాన్ని తినేసిందట. ఎడమ కన్ను పోయినట్టే. మిగిలింది కుడిది.

"కుడి కంటికి రెండు ఆపరేషన్లు ఒక్కసారే చేస్తం. పొర తీసి లెన్స్ పెడతం, ఒత్తిడి తగ్గేటందుకు దారి చేస్తం. పోయిన చూపు మాత్రం మళ్ల రాదు. ఉన్నది కాపాడుకునేటందుకే," అంది డాక్టరమ్మ. నేను సగమే విన్నాను. లెన్స్ మాట రాగానే నా ధ్యాసంతా దాని మీదికే పోయింది. అది ఒక్క దూరానికే పనిచేస్తుందట.

వెంట వచ్చిన నా భార్య, నేను సాంచెలు నడిపే షెడ్డులోనే నూలు కండెలు చుడుతుంది. "దూరంకు, దగ్గరకు రెండిటికొచ్చేది లేదా మేడం?" అని అడిగింది.

"నరం దెబ్బతిన్నది గదమ్మా, గీ కంటికి అది వద్దు."

"అయితే దూరందే పెట్టున్రి. రోడ్డు మీద బండ్లన్న కనవడాలె గద."

నాకు ఒళ్లు మండింది. "బండ్లు సూసుకుంట కూసుంటే బువ్వెవరు పెడతరే?" అని కసిరాను. లేచి, సాంచె ముందు నిలబడ్డట్టు వంగి చేయి చాపాను. "గింత దూరంల పోగు కనవడాలె మేడం. తెగితే ముడెయ్యాలె. నాకంతే గావాలె."

కళ్లద్దాలు పెట్టుకోవచ్చు కదా అంది డాక్టరమ్మ. షెడ్డులో దూది నుసి పడితే అద్దం గడియసేపు కూడా తేటగా ఉండదని చెప్పాను. చివరికి నా చేతి దూరాన్ని టేపుతో కొలిచి రాసుకుంది.

ఆపరేషనయ్యాక చుక్కలమందు, నల్లద్దాలు, బరువులెత్తొద్దు, వంగొద్దు. ఇంట్లో పడి ఉండీ ఉండీ నామీద నాకే విసుగొచ్చింది. డాక్టరమ్మ సరేననగానే షెడ్డుకు పోయాను.

అబ్బ, పోగులు! దేనికది విడివిడిగా కనిపించింది. మొదటి ముడి తడుముకోకుండా వేశాను.

నాకు కుడివైపు రెండు సాంచెలు, ఎడమవైపు రెండు. కాసేపటికి చూస్తే ఎడమవైపు దాంట్లో పోగు తెగి, గజం గుడ్డ మీద చారపడి ఉంది. సరిచేశాను. మళ్లీ తెగింది, మళ్లీ చూడలేదు. పక్కచూపుతో కాసుకునే పని అది. మెడ తిప్పీ తిప్పీ మధ్యాహ్నానికి నరాలు గుంజేశాయి. నాలుగూ బంద్ చేసి, "ఏమే, జర ఇటు రా," అని కేకేశాను.

"ఎందుకట్ల ఒర్లుతవు? గీడనే ఉన్న గదా."

తల తిప్పితే నా ఎడమ మోచేతి పక్కనే ఉంది, టీ గ్లాసు పట్టుకుని.

"ఎప్పుడొచ్చినవే?"

"శానసేపాయె. సూస్తవేమో అని నిలవడ్డ."

నాకు ఏడుపొచ్చింది. ఆమె గ్లాసు నా చేతిలో పెట్టింది. "రేపటి సంది గీ దిక్కువి నేను సూస్త," అంది. మరి కండెలెవరు చుడతారని అడిగే ఓపిక కూడా లేదు నాకు. సరేనన్నాను.