ఎడమకాలి బొటనవేలు

1954 వేసవిలో నన్ను ఆదోని సర్కారు ఆసుపత్రిలో ఎం.ఎన్.ఓ.గా వేశారు. మేల్ నర్సింగ్ ఆర్డర్లీ అని దాని పూర్తి పేరు. నర్సుకు కింద, ఊడ్చేవాళ్లకు పైన ఉండే మెట్టు. రోగిని ఎత్తడం, దించడం, కడగడం, తిరగబడితే పట్టుకోవడం మా పని. అప్పటికి నాకు ముప్పై మూడేళ్లు. ఒక్క అక్షరం రాదు. ఎమ్మిగనూరులో పుట్టి, పన్నెండో ఏట మగ్గం గుంతలో కాళ్లు దించినవాణ్ణి. నూలు దొరకని రోజులు వచ్చాక మగ్గం వదిలి ముందు ఆసుపత్రిలో ఊడ్చే పనికి చేరాను.

ఆ తర్వాత పాతికేళ్లు మతి చెదిరినవాళ్ల మధ్యే పనిచేశాను. చివరికి రోగులతో, వాళ్ల ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడే ఉద్యోగంలో రిటైరయ్యాను. ఇప్పుడు దాన్ని కౌన్సెలింగ్ అంటున్నారు. ఏం చదివి ఈ పనిలోకి వచ్చావని పిల్లలు అడుగుతుంటారు. చదివి రాలేదు. ఆ వేసవిలో ఒక తప్పు చేసి వచ్చాను.

ముందు పద్ధతి చెప్పాలి. ఆ రోజుల్లో ఎవరికైనా పిచ్చి పట్టిందని ఇంటివాళ్లు అర్జీ పెట్టుకుంటే, సబ్ మేజిస్ట్రేటు ఆ మనిషిని పది రోజులు పరిశీలనలో ఉంచమని మా ఆసుపత్రికి పంపేవాడు. వార్డు చివర ఇనుప కిటికీ ఉన్న గది ఒకటి అందుకే ఉండేది. పదో రోజు డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి. పిచ్చి అని రాస్తే పోలీసు కాపలాతో రైలెక్కించి మద్రాసు పిచ్చాసుపత్రికి పంపుతారు. కాదని రాస్తే ఇంటికి. మద్రాసుకు పోయి తిరిగొచ్చినవాణ్ణి అప్పటికి నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు.

మా డాక్టరుగారు గోదావరి వైపు మనిషి. కంటి శుక్లాలు తీయడంలో మంచి చెయ్యి. పిచ్చి గురించి ఆయన చదివింది విద్యార్థిగా ఉన్నప్పుడు నాలుగుసార్లు పిచ్చాసుపత్రి చుట్టి రావడమేనని ఆయనే చెప్పేవాడు. మందు అంటే బ్రోమైడ్ మిక్చర్. అది తాగితే మనిషి మగతగా పడి ఉంటాడు, అంతే. రాత్రీ పగలూ రోగిని చూసేవాణ్ణి నేను. పొద్దున డాక్టరుగారికి నోటితో చెబితే ఆయన రాసుకునేవాడు. రాయడం రాదు గనుక నేను రోజుకో నూలుపోగు తీసుకుని ముడులు వేసేవాణ్ణి. తింటే ఒక ముడి, పడుకుంటే ఒకటి, కొట్టబోతే జంట ముడి.

వీరేశప్పను తెచ్చినప్పుడు ఎండ మండిపోతోంది. ముప్పై ఏళ్ల మనిషి. ఎమ్మిగనూరు నేతగాడు. వెంట ఒక కానిస్టేబులు, అన్న బసప్ప, భార్య గంగమ్మ. అర్జీ పెట్టింది అన్న. మగ్గం మీదున్న పడుగును, అంటే సాగదీసి బిగించిన నిలువు పోగులను, తమ్ముడు కత్తితో అడ్డంగా కోసేశాడట. అడ్డమొచ్చిన అన్న మీదికి అదే కత్తి ఎత్తాడట.

"నేత పుటక పుట్టి పడుగు కోసేటోడు యాడన్నా ఉన్నాడాప్పా?" అన్నాడు బసప్ప. మా ఇళ్లలో అది తల్లిని కొట్టినట్టు.

వాంగ్మూలం అర్జీదారుది తీసుకోవాలని నియమం. తీసుకున్నారు. గంగమ్మ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. తొమ్మిది రోజులూ అక్కడే కూర్చుంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు.

వీరేశప్ప మాట్లాడడు. కుడికాలు మంచానికి గుడ్డతో కట్టాం. మంచం అంచున కూర్చుని ఎడమకాలు ఆడిస్తూనే ఉంటాడు. అన్నం తింటున్నా కాలు ఆగదు. బ్రోమైడ్ ఇస్తే కన్ను మూతపడుతుంది గానీ కాలు ఆగదు. ఆ గదిలో కూర్చుంటే నా కాళ్లూ ఊరుకునేవి కావు. లేచి నడిచేవాణ్ణి, మళ్లీ కూర్చునేవాణ్ణి. ఎండకు గోడలు సెగలు కక్కేవి. రైలు కూత వినిపించినప్పుడల్లా పదో రోజు ఇంకెంత దూరమో లెక్కపెట్టుకునేవాణ్ణి.

మూడో రోజు పొద్దున డాక్టరుగారితో ధైర్యంగా చెప్పాను. అది పిచ్చి కాదండీ, మగ్గం తొక్కుతున్నాడు, కుడికాలు మనం కట్టేశాం గనుక ఎడమకాలే ఆడుతోంది అన్నాను. మగ్గం మానేశాక నా కాళ్లూ ఆర్నెల్లు అట్లాగే ఆడాయని చెప్పాను. అది నిజమే. డాక్టరుగారికి ఆ మాట నచ్చింది. వృత్తి అలవాటు వల్ల కలిగిన కదలిక అని రాసుకున్నాడు. నాకు గర్వం కలిగింది. ఎంబీబీఎస్ చదివినాయనకు తెలియనిది నాకు తెలిసిందనుకున్నాను.

అంతటితో ఊరుకోలేదు. చేతికి నాడె ఇస్తే నెమ్మదిస్తాడని డాక్టరుగారిని ఒప్పించాను. నాడె అంటే పేకను, అంటే అడ్డపోగును, అటూ ఇటూ మోసుకుపోయే కొయ్య పనిముట్టు. ఇంటి నుంచి తెమ్మని బసప్పకు చెబితే నన్ను ఎగాదిగా చూశాడు.

"నాడె ఇడిసి చీపురు పట్టినోనివి. నువ్వేంది మాకు నేత గురించి సెప్పేది?" అన్నాడు. అన్నాడు గానీ తెచ్చాడు.

తొమ్మిదో రోజు పొద్దున డాక్టరుగారి ఎదుటే ఆ నాడెను వీరేశప్ప చేతిలో పెట్టాను. రెండు క్షణాలు దాని వంక చూశాడు. కిటికీకేసి విసిరికొట్టి, తల గోడకు మోదుకోవడం మొదలుపెట్టాడు. ఇద్దరం పట్టుకునేసరికి నుదురు చిట్లింది. డాక్టరుగారే మూడు కుట్లు వేశాడు. చేతులు కడుక్కుంటూ, "రుద్రప్పా, నువ్వు చెప్పిందే కదయ్యా నేను రాసింది. రేపు మద్రాసుకు రాయక తప్పదు," అన్నాడు. కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేది.

వరండాలోకి వచ్చాను. కూర్చోలేను, నిలబడలేను. గంగమ్మ నా చొక్కా మీది రక్తం చూసి లేచి నిలబడింది. ఏం చేసినారని అడిగింది. చెప్పాను. మగ్గం తొక్కుతున్నాడు కదా అని నాడె ఇచ్చామన్నాను.

"అన్నా, అది నేత గాదన్నా," అంది.

"మరేందమ్మా?"

"ఉయ్యాల ఊపుతాండాడు."

నేత ఇళ్లలో పద్ధతి ఇది. మగ్గం పక్కన దూలానికి ఉయ్యాల కట్టి, దాని తాడు నేసేవాడి కాలి బొటనవేలికి ముడి వేస్తారు. కాళ్లు మగ్గాన్ని తొక్కుతూనే, మధ్యలో ఆ వేలు మడిచి తాడు లాగి వదిలితే ఉయ్యాల ఊగుతుంది. ఆడవాళ్లు వీధిలో పడుగుకు గంజి పెట్టే వేళ బిడ్డను చూసుకునే ఉపాయం అదే. నన్నూ మా నాయన అట్లాగే ఊపి ఉంటాడు. నాకు తట్టలేదు.

మిగతాది గంగమ్మ నేల చూస్తూ చెప్పింది. వాళ్లకు తొమ్మిది నెలల ఆడబిడ్డ. జ్వరం తగిలింది. ఆ పొద్దున ఆమె గంజి పనికి పోయింది. బిడ్డ ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. నిద్రపోయిందనుకుని వీరేశప్ప ఊపుతూ నేస్తూనే ఉన్నాడు. మూర పైన నేశాడు.

"నేను లోపలికి పోతానే, బిడ్డ పండుకున్నాది, సప్పుడు సెయ్యాకు అన్న్యాడన్నా నాతో."

ఆమె వెళ్లి చూస్తే బిడ్డ చల్లబడి ఉంది. ఆ సాయంత్రమే బసప్ప ఉయ్యాల తీయించాడు. తమ్ముడి ముందు బిడ్డ పేరు ఎత్తకూడదని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాడు. నెల తిరిగేసరికి వీరేశప్ప పడుగు కోశాడు.

నేను గదిలోకి పోయి ఆ కాలు దగ్గర చతికిలబడ్డాను. మగ్గం తొక్కేటప్పుడు మడమ కిందికి దిగుతుంది. వేలు మడవాల్సిన పని లేదు. ఇతని మడమ కదలడం లేదు. బొటనవేలు మడిచి వెనక్కి లాగుతున్నాడు, వదులుతున్నాడు. తొమ్మిది రోజులు ఆ కాలినే చూశాను. ఇరవై ఏళ్లు మగ్గం తొక్కినవాణ్ణి గనుకే చూడలేకపోయాను.

పదో రోజు పొద్దున డాక్టరుగారికి ఇదంతా చెప్పి, నేను చెప్పింది తప్పని ఒప్పుకున్నాను. నాకు అక్షరాలు రావన్నది మరిచి, ఆమె మాటలు ఆమె చెప్పినట్టే రాసి ఇమ్మన్నాడు. రాయలేనన్నాను. నన్నొకసారి చూసి, కాగితం తన వైపు లాక్కుని తనే రాశాడు. మేజిస్ట్రేటు ఒప్పుకుంటే పరిశీలన గడువు మొత్తం ముప్పై రోజుల దాకా పొడిగించవచ్చు. ఆ అర్జీ అప్పటికప్పుడే పంపాడు. బ్రోమైడ్ సగం చేశాడు. గంగమ్మను గదిలోకి రానిచ్చాడు. అది నియమంలో లేదు.

ఆమె ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. అతని ఎడమపాదం తన ఒళ్లో పెట్టుకుని ఆ వేలు పట్టుకుంది. "పార్వతి సచ్చిపోయిందయ్యా. నువ్వు ఊపింది సాలు," అంది.

తర్వాతి రెండు రోజులు ఆ గదిలో ఉండటం ఎవరి వల్లా కాలేదు. అతను అరిచాడు, ఆమెను తోశాడు, నా చెయ్యి కొరికాడు. వార్డులో మిగతా రోగులు మంచాలు వరండాలోకి లాక్కున్నారు. ముందుకన్నా పాడు చేశామేమో అని డాక్టరుగారు రెండుసార్లు అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. మూడో రోజు ఏడ్చాడు. ఆ మధ్యాహ్నం నిద్రలో మొదటిసారి కాలు ఆగింది. మెలకువ వస్తే మళ్లీ ఆడింది.

గడువు చివర డాక్టరుగారు మద్రాసుకు పంపనక్కర్లేదని రాశాడు. తీసుకుపోవడానికి బసప్ప వచ్చాడు. ఇంట్లో ఎవరైనా బిడ్డ పేరు ఎత్తితే ఆపొద్దని డాక్టరుగారు అతనికి చెప్పాడు. మందూమాకూ ఏదన్నా రాస్తాడని చాచిన చెయ్యి బసప్ప వెనక్కి తీసుకున్నాడు. బయటికి వచ్చాక నాతో, "ఆ తాడు ఇప్పింది నేనేప్పా. వాని మంచికే అనుకున్న్యా," అన్నాడు. నా తప్పు మాత్రం తక్కువదా?

వీరేశప్ప పూర్తిగా బాగయ్యాడని రాయలేను. కొన్నేళ్లకు ఎమ్మిగనూరులో చూశాను. నేత మానేసి రాట్నం దగ్గర కూర్చుని నూలు కండెలకు చుడుతున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. మాట్లాడుతున్నంతసేపూ ఎడమకాలు మధ్యమధ్య కదిలింది. ఇంట్లో ఉన్నాడు, అన్నం తింటున్నాడు, పేరు పెట్టి పిలిస్తే పలికాడు. మా పనిలో దాన్ని తక్కువగా చూడం.

నా తొమ్మిది నూలుపోగులు చాలా రోజులు దాచాను. తిన్నది, పడుకున్నది, కాలు ఆడింది అన్నీ ముడులుగా ఉన్నాయి. వరండాలో కూర్చున్న మనిషి మాట ఒక్క ముడి కూడా లేదు. ఆ ఏడే పలక కొని అక్షరాలు దిద్దాను. నేను చెప్పింది ఇంకొకరి రాతలో ఏమవుతుందో చదువుకోవాలి గనుక.

తర్వాత నా కింద పని నేర్చుకోవడానికి చాలామంది వచ్చారు. టీచరుగా చేసినవాళ్లు, పోలీసులో చేసినవాళ్లు, మిషను ఆసుపత్రి నర్సులు. ప్రతి ఒక్కరినీ ముందు మీరేం పని చేసి వచ్చారని అడిగేవాణ్ణి. అది వాళ్ల బలం అని కాదు, వాళ్ల కన్ను ఎక్కడ మూసుకుపోతుందో తెలియడానికి. టీచరు దగ్గరికి టీచరును, పోలీసు దగ్గరికి పోలీసును మొదట పంపేవాణ్ణి కాదు. నేతగాడు వస్తే మొదటి కాగితం నేను రాసేవాణ్ణి కాదు. ఇంకొకరితో రాయించి, చదువుకుని, ఆ తర్వాత లోపలికి పోయేవాణ్ణి.