ఆపరేటరమ్మంటే పిన్నికి పడదు

మా పిన్ని ఒక పెద్ద ఆసుపత్రిలో కంప్యూటర్ల భద్రత చూస్తుంది. పదహారేళ్ళ క్రితం ప్రింటర్లలో ఇరుక్కున్న కాగితాలు లాగే పనితో చేరింది. ఆ తర్వాత కేబుళ్ళు, ఆ తర్వాత పాస్‌వర్డులు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పాడైనదాన్ని విప్పి, మళ్ళీ బిగించి, బిగించలేనప్పుడు తిట్లు తిని నేర్చుకుంది. ఇప్పుడు రెండో అంతస్తులో, లిఫ్టు పక్కన, కిటికీ లేని గదిలో రెండు తెరల ముందు కూర్చుంటుంది. ఆ గదిలోకి టీ కప్పుతో వస్తే ఊరుకుంటుంది గానీ, పెన్‌డ్రైవ్‌తో వస్తే ఒంటికాలి మీద లేస్తుంది.

నెలకోసారి ఆమె ఒక దొంగ మెయిలు రాసి సిబ్బంది అందరికీ పంపుతుంది. మీ సెలవు రద్దయింది, వివరాలకు ఇక్కడ నొక్కండి, అన్నట్టు ఉంటుంది. నిజమైన దొంగలు పంపే మెయిళ్ళను జనం గుర్తుపడుతున్నారో లేదో చూడటానికి ఆమె పెట్టే పరీక్ష అది. నొక్కినవాళ్ళ పేర్లు పిన్ని తెర మీద ఎర్రగా పడతాయి. వాళ్ళను పిలిచి అరగంట పాఠం చెబుతుంది. ఒకసారి గుండె డాక్టరుగారే నొక్కారు. ఆ సాయంత్రం పిన్ని కూర తరుగుతూ తనలో తాను నవ్వుకుంటూనే ఉంది.

ఒక్క మనిషి మాత్రం ఎప్పుడూ పడలేదు. కింది అంతస్తులో టెలిఫోన్ బోర్డు దగ్గర కూర్చునే ఆవిడ. ఆసుపత్రంతా ఆపరేటరమ్మ అంటుంది. పిన్నికన్నా నాలుగైదేళ్ళు పెద్ద. మెయిలు వెళ్ళిన మూడు నాలుగు నిమిషాల్లో పిన్నికి ఫోన్ చేసి, "మేడమ్, ఇది తేడాగా ఉంది, ఒకసారి చూడండి" అంటుంది. నెల తప్పకుండా.

"మళ్ళీ ఆవిడే. ఈసారి మూడే నిమిషాలు," అని పిన్ని ఇంటికొచ్చి సంచీ కుర్చీలో పడేసేది.

"మంచిదేగా. నీ పని ఆవిడ చేసిపెడుతోంది," అనేవాడు బాబాయి.

"అదే అంటున్నా. నా పని ఆవిడెందుకు చెయ్యాలి?"

"నొక్కితే బుద్ధి లేదంటావు. నొక్కకపోతే కడుపుమంటంటావు. పాపం ఆ నాలుగొందల మందీ ఏం చెయ్యాలే?"

"కడుపుమంటని నేనన్నానా?"

"నువ్వనక్కర్లేదు. ఇక్కడిదాకా సెగ తగులుతోంది."

నేను ఎమ్మే చదువుతూ వాళ్ళింట్లో ఉన్న రోజులవి. నాకు తెలిసినంతలో ఆ మంట రాజుకున్నది క్యాంటీన్‌లో. ఒక నర్సు తన ఫోన్ చాపి, "ఇది నొక్కొచ్చా ఆపరేటరమ్మా?" అని అడిగింది. వెనకే వరుసలో పళ్ళెం పట్టుకుని పిన్ని నిలబడి ఉంది. నర్సు ఆమెను చూసింది, నమస్కారం పెట్టింది, అడగాల్సింది మాత్రం ఆవిడనే అడిగింది. ఆ రోజు నుంచి పిన్నికి ఆపరేటరమ్మ జడ బిగువు నచ్చలేదు, బల్ల మీద పెన్నులు వరసగా పెట్టుకోవడం నచ్చలేదు, "ఉండండి, కలుపుతాను" అనే ఆ నిదానపు గొంతు అసలే నచ్చలేదు.

అంతలో పక్క ఊరి ఆసుపత్రి కంప్యూటర్లలోకి ఎవరో ఇంటర్నెట్ మీంచి దూరి, దొంగతనంగా తాళాలు వేసేశారు. తొమ్మిది రోజులు రోగుల వివరాలు తెరుచుకోలేదు. మా పిన్ని వాళ్ళ పెద్ద డాక్టరు బెదిరిపోయి ఆమెను పిలిచాడు. "మనకీ ఇలా జరిగితే, బయటి కంపెనీవాళ్ళు వచ్చేసరికి పూట గడిచిపోతుంది. మనవాళ్ళనే ఆరుగురిని తయారుచేద్దాం. ఏ శిక్షణ మంచిదో మీరు తేల్చండి, నేను సంతకం పెడతాను," అన్నాడు.

పిన్ని వారం రోజులు భోజనాల బల్ల మీద కరపత్రాలు పరుచుకుని చదివింది. చివరికి రెండు మిగిలాయి. మొదటిదానికి కంప్యూటర్ డిగ్రీ ఉన్నవాళ్ళే అర్హులు. వీడియోలు చూడాలి, చివర సరైన జవాబుకు టిక్కు పెట్టాలి, బంగారు అంచున్న సర్టిఫికెట్ ఇస్తారు. రెండోది నాలుగు నెలలు. ప్రవేశ పరీక్ష పాసైతే ఎవరైనా చేరొచ్చు. అక్కడ ఒక ఉత్తుత్తి ఆసుపత్రిని కంప్యూటర్లలో కట్టిపెడతారు. రోజూ దాని మీద దాడి చేస్తారు, నేర్చుకునేవాళ్ళు కాపాడుకోవాలి.

"ఇదీ చదువంటే. మొదటిది గైడు బట్టీ కొట్టడమే," అని రెండోదాని చుట్టూ పెన్సిలుతో గీత గీసింది పిన్ని.

మర్నాడు ఆపరేటరమ్మ మెట్లెక్కి వచ్చి కిటికీ లేని గది గుమ్మంలో నిలబడింది.

"బోర్డు తీసేసి మిషను పెడుతున్నారు మేడమ్, మూడు నెలల్లో. నన్ను పాత ఫైళ్ళ గదికి పంపుతారట. ఆ శిక్షణకి మాలాంటివాళ్ళు రావచ్చా?"

"ఇంకా ఏదీ తేలలేదండీ," అంది పిన్ని, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చింది. "నువ్వు బాగా రాస్తావుగా. మొదటిదే మనకి తగినదని ఒక పేజీ రాసిపెట్టు."

"నిన్న రెండోదన్నావు కదా పిన్నీ?"

"పట్టా ఉండాలి. ఆసుపత్రి పరువు."

నా వైపు చూడకుండా అంది. నేను రాశాను. ప్రమాణాలు అనే మాట నాలుగుసార్లు వాడాను. పిన్ని దాన్ని పెద్ద డాక్టరు బల్ల మీద పెట్టింది. గురువారం సాయంత్రం సంతకం చేస్తానన్నాడు.

ఆ గురువారమే నెల పరీక్ష కూడా. మెయిలు పదకొండింటికి దానంతట అదే వెళ్ళేలా వారం ముందే పెట్టుకుంది. పరీక్ష రోజు ఎవరు ఫోన్ చేసినా పిన్ని ఏ మెయిలని అడగదు. "ఏదో అనుమానపు మెయిలు వచ్చింది మేడమ్" అనగానే "శభాష్, అది నా పరీక్షే, తీసెయ్యండి" అని పెట్టేస్తుంది. ఆ రోజూ ముగ్గురికి అలాగే చెప్పింది. నాలుగో ఫోను ఆపరేటరమ్మది.

"మేడమ్, రెండు మెయిళ్ళొచ్చాయి. ఒకటి మీది. రెండోది మీది కాదు."

"రెండూ నావేనండీ," అని ఫోన్ పెట్టేసింది పిన్ని.

పంపింది ఒకటే. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఈ నెలైనా ఆవిడ పొరపడితే బాగుండునన్న ఆశ, బుర్రకన్నా ముందు నోట్లోంచి వచ్చేసింది. రిసీవర్ మీద చెయ్యి అలాగే ఉండగా మళ్ళీ మోగింది.

"కోప్పడకండి మేడమ్. ఇరవై రెండేళ్ళుగా గొంతులే వింటున్నాను. రాతలోనూ గొంతు వినపడుతుంది. మీరు భయపెట్టాక కూడా రెండుసార్లు దయచేసి అంటారు. రోజూ తిట్టుకునే మనిషికి కూడా ఇబ్బంది కలిగితే మన్నించండి అని రాస్తారు. ఇందులో జాలి లేదు. ఎక్స్‌రే వాళ్ళని పాస్‌వర్డ్ కొట్టమంటోంది."

అప్పుడు తెరిచి చూసింది. ఎక్స్‌రే విభాగంలో అప్పటికే ఇద్దరు కొట్టేశారు. పిన్ని మెట్లు దిగి పరుగెత్తి, ఆ రెండు కంప్యూటర్ల వెనక వైర్లు చేత్తో పీకేసింది. పాస్‌వర్డులన్నీ మార్చింది. ఆలోగా ఆపరేటరమ్మ బోర్డు మీద నుంచి ఒక్కో వార్డుకీ ఫోన్ చేసి, ఆ మెయిలు ముట్టుకోవద్దని చెప్పింది. ఇరవై నిమిషాల్లో నలభై ఒక్క ఫోన్లు.

"నేను రొప్పుతూ పరుగెడుతున్నానా, ఏ బల్ల దాటినా ఫోన్లో ఆవిడ గొంతే. అంత గండంలోనూ తొణకలేదే. అప్పుడు కూడా కుళ్ళుకున్నాను," అని తర్వాత నాతో అంది.

సాయంత్రం బయటి కంపెనీవాళ్ళు వచ్చి, ఇంకో అరగంట ఆగి ఉంటే మొత్తం పోయేదని చెప్పారు. నాలుగున్నరకి పిన్ని పెద్ద డాక్టరు గదిలోకి వెళ్ళింది. నేను రాసిన పేజీ ఆయన ముందే ఉంది, పెన్ను చేతిలో ఉంది.

"ఆ కాగితం నాకిచ్చెయ్యండి సర్."

"ఎందుకు? బాగా రాశారుగా."

"రాత బాగుంది సర్. కారణాలే నిజం కావు. రెండో శిక్షణే మంచిది. ఆపరేటరమ్మ రాకూడదని మొదటిది పెట్టాను."

"ఆవిడతో గొడవేమైనా ఉందా?"

"గొడవ పెట్టుకోవడానికి ఆవిడ ఏమీ అనదు సర్. అదే నాకు మంట."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇవాళ ఫోన్ చేసినవాళ్ళకి పరీక్షే అని చెప్పారట?"

"చెప్పాను సర్."

"అయితే ఆరుగురు కాదు, ఏడుగురు వెళ్ళండి. మీరూ ప్రవేశ పరీక్ష రాయండి."

ఇన్నాళ్ళూ అందరికీ పాఠం చెప్పిన మనిషి రాత్రింబవళ్ళు పుస్తకాలు ముందేసుకుంది. మా ఇంట్లో పదిహేను రోజులు టీవీ మోగలేదు. ఫలితాల కాగితంలో ఆపరేటరమ్మది మొదటి పేరు, పిన్నిది మూడోది.

తరగతి మొదలైన రోజు పిన్ని ఇంటికి రాగానే మంచినీళ్ళు కూడా తాగకుండా చెప్పింది. అక్కడ ఇద్దరికో కంప్యూటరట. జట్టు మీరే ఎంచుకోండి అన్నారట మాస్టారు. వెనక నుంచి ఒకామె ఆపరేటరమ్మ వైపు నడవబోతుంటే, పిన్ని సంచీ భుజాన వేసుకుని రెండు బెంచీలు దాటి ముందే వెళ్ళి నిలబడిందట.

"ఆవిడంటే పడదుగా నీకు," అన్నాను.

"పడదు. ఇంకొకళ్ళ పక్కన కూర్చుని గెలిచిందనుకో, అది నేను చూడలేనే."

"మరి ఆవిడేమంది?"

"ఏమంటుంది? జరిగి చోటిచ్చింది," అంది పిన్ని, మూతి ముడుచుకుని.